ఆడ ఊసరవెల్లికి జత కట్టించి పిల్లలను ఇతరులకు ఇవ్వవచ్చా?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీ దగ్గర పది నెలల వయసున్న ఆడ వీల్డ్ ఊసరవెల్లి ఉంది. మగదానితో కలవకపోయినా అది ఎలాగూ గుడ్లు పెడుతుందని చదివారు. మీకు తెలిసినవారి దగ్గర ఆరోగ్యమైన మగది ఉంది. ఎలాగూ పెట్టే గుడ్లు వృథా కాకుండా ఒక్కసారి జత కట్టించి, పుట్టిన పిల్లలను ఇష్టపడేవారికి ఇచ్చేస్తే తప్పేముందని అడుగుతున్నారు.

ఇప్పుడు వద్దు అన్నదే నా సమాధానం. పిల్లలను తీసుకునేవారు ముందే కుదిరి ఉండాలి. వారిలో ఒక్కరూ రాకపోయినా అన్నింటినీ మీరే పోషించగలిగే ఏర్పాటు కూడా ఉండాలి. ఈ రెండూ ఉన్నప్పుడే జత కట్టించడం గురించి ఆలోచించాలి. వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆడదాన్ని ఒంటరిగా ఉంచి, అది పెట్టే వట్టి గుడ్లను (మగదానితో కలవకుండా పెట్టిన, పిల్లలు రాని గుడ్లను) ఇబ్బంది లేకుండా పెట్టేలా చూసుకోవడమే దానికి మీరు చేయగల మేలు. చాలా ఏళ్లుగా వీల్డ్, పాంథర్ అనే ఊసరవెల్లి జాతులను పెంచుతూ, గుడ్లు పొదిగించి పిల్లలను ఇతరులకు అప్పగిస్తూ వచ్చిన అనుభవంతో ఈ మాట చెబుతున్నాను. కారణాలు కొంత వివరంగా రాస్తాను, ఎందుకంటే మీ ప్రశ్నలో ఉన్న తర్కం పైకి చాలా సబబుగా కనిపిస్తుంది.

ముందుగా "ఎలాగూ పెడుతుంది కదా" అన్న మాట తీసుకుందాం. వీల్డ్ జాతి ఆడవి మగదాన్ని చూడకుండానే గుడ్లు పెట్టగలవన్నది నిజమే. కానీ ఎన్ని పెడుతుంది, ఎంత తరచుగా పెడుతుంది అన్నది చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. కడుపు నిండా మేపి, వెచ్చదనం కోసం పంజరంలో పెట్టే దీపం కింద ఎక్కువ వేడి తగిలేలా ఉంచితే దాని శరీరం ఇది పిల్లలు కనడానికి అనువైన కాలమని లెక్క వేసుకుని ఒకే విడతలో అరవై, డెబ్బై గుడ్లు కూడా తయారు చేస్తుంది. ఎదుగుదల ముగిసే దశలో మేత తగ్గించి, దీపం కింద వేడిని 26–27 డిగ్రీల సెల్సియస్ దగ్గర నిలిపితే అదే ఆడది ఇరవై, ముప్పై గుడ్లతో సరిపెట్టుకోవచ్చు. కొన్ని కొంతకాలం అసలు పెట్టకుండానే ఉంటాయి. జత కట్టించదలచినవారు సాధారణంగా దీనికి విరుద్ధమైన పని చేస్తారు. ఆడది పుష్టిగా ఉండాలని బాగా మేపుతారు, దానితో గుడ్ల సంఖ్య పెరిగి ఆ భారమంతా దాని ఎముకల్లోని కాల్షియం మీద పడుతుంది. మగదానితో కలిస్తే గుడ్లు కడుపులో ఇరుక్కునే ప్రమాదం తగ్గుతుందని కొందరు నమ్మకంగా చెబుతారు. నేను చూసినంతలో ఆ నమ్మకానికి ఆధారం లేదు. జత కట్టిన ఆడవీ గుడ్లు పెట్టలేక చనిపోయాయి, కట్టనివీ చనిపోయాయి. రెండు సందర్భాల్లోనూ కారణాలు ఒకటే: తవ్వుకోవడానికి తగిన చోటు లేకపోవడం, కాల్షియం లోపం, నీటి లోపం, అతిగా మేపడం.

ఇంకొక విషయం చాలామందికి ఆలస్యంగా తెలుస్తుంది. ఒక్కసారి జత కట్టించడమంటే ఒక్క విడత గుడ్లు కాదు. ఆడది మగదాని వీర్యాన్ని తన శరీరంలో నిల్వ చేసుకుని, మళ్లీ కలవకుండానే మూడు నాలుగు నెలల ఎడంతో మరో విడత ఫలదీకరించిన గుడ్లు పెట్టగలదు. అంటే "ఒక్కసారి చూద్దాం" అని మొదలుపెట్టినది మీరు అనుకోని రెండో విడతగా తిరిగి వస్తుంది. మొదటి విడత పిల్లలకే చోటు దొరకని ఇంట్లో రెండో విడత గుడ్లు ఏమవుతాయో ఆలోచించండి.

వయసు గురించి చెప్పాలి. వీల్డ్ ఆడవి నాలుగైదు నెలలకే జతకు సిద్ధమైనట్టు రంగులు చూపిస్తాయి కాబట్టి చాలామంది తొందరపడతారు. పది నెలలకు మీది పెద్దదిగా కనిపిస్తున్నా దాని ఎదుగుదల ఇంకా పూర్తిగా ముగిసి ఉండకపోవచ్చు. సొంత ఎముకలకు కావలసిన కాల్షియాన్ని గుడ్ల పెంకులకు పంచవలసి వస్తుంది. కనీసం ఏడాది నిండేవరకు నేను ఏ ఆడదాన్నీ మగదాని ఎదుటికి తీసుకురాను. నిండిన తరువాత కూడా నిర్ణయం దానిదే. ఒళ్లంతా ముదురు రంగుకు తిప్పి, పసుపు, నీలి మచ్చలు ఎగదీసి, నోరు తెరిచి అటూ ఇటూ ఊగుతూ ఉంటే అది స్పష్టంగా వద్దంటోందని అర్థం. ఆ స్థితిలో మగదాన్ని ఒకే పంజరంలో వదిలేసి "అలవాటు పడతాయిలే" అనుకునేవారి దగ్గర నుంచి వీపు మీద కాట్లతో వచ్చిన ఆడవాటిని చూశాను. ఊసరవెల్లి ఒంటరి జీవి. తోడు లేదని అది బాధపడదు, తోడు ఉంటేనే బాధపడుతుంది.

ఇప్పుడు గుడ్ల సంగతి. సాంకేతికంగా ఇది ఉన్నవాటిలో సులువైన భాగం. తడి వెర్మిక్యులైట్‌లో (తేమను పట్టి ఉంచే తేలికపాటి ఖనిజపు రవ్వలో), పెట్టిన వైపు మారకుండా అమర్చి, 24–28 డిగ్రీల మధ్య ఉంచితే వీల్డ్ గుడ్లు దాదాపు ఆరు నుంచి తొమ్మిది నెలల్లో పిగులుతాయి. పాంథర్ గుడ్లకు ఏడాది వరకు పట్టవచ్చు, పైగా వాటికి మధ్యలో కొన్ని వారాల చల్లదనం ఇచ్చే పద్ధతిని చాలామంది పాటిస్తారు. అసలు ఇబ్బంది ఈ నెలల నిశ్శబ్దంలోనే ఉంది. పెట్టె ఒక మూలన ఉంటుంది, పని ఏమీ ఉండదు, అంతా సవ్యంగా ఉన్నట్టే అనిపిస్తుంది. ఈలోగా "నాకొక పిల్ల కావాలి" అన్నవారిలో ఒకరు ఇల్లు మారతారు, ఒకరి ఇంట్లో పసిబిడ్డ పుడుతుంది, ఒకరు ఆ సరదా తీరి మరో జంతువును తెచ్చుకుంటారు. గుడ్లు పిగిలే నాటికి మొదటి జాబితాలో సగం మంది మిగిలితే అది మంచి జాబితా అని నేను లెక్క వేసుకుంటాను. అందువల్ల మాట ఇచ్చినవారి సంఖ్యను సగానికి తగ్గించి, ఆ మిగిలిన సంఖ్యకు మించి గుడ్లు పొదిగించకపోవడం నా పద్ధతి. మిగతా గుడ్లను ఏం చేస్తానో కింద చెబుతాను.

పిల్లలు బయటికి వచ్చే రోజుల్లో గుడ్డు పెంకు మీద చెమట పట్టినట్టు నీటి బిందువులు కనిపిస్తాయి, గుడ్డు కొద్దిగా సొట్టపోతుంది, తరువాత ఒక చివర చీలిక పడి ముక్కు బయటపడుతుంది. చాలా పిల్లలు ఆ స్థితిలో తల మాత్రం బయట పెట్టి గంటల తరబడి కదలకుండా ఉంటాయి; లోపలి పచ్చసొన ఇంకుతూ ఉంటుంది కాబట్టి వాటిని లాగకూడదు, పెంకు ఒలవకూడదు. ఇదంతా చూడటానికి అద్భుతంగా ఉంటుంది, కాదనను. ఆ మర్నాటి నుంచే శ్రమ మొదలవుతుంది.

ముప్పై పిల్లలు అనుకుందాం, వీల్డ్‌కు అది పెద్ద సంఖ్య కాదు. ఒక్కొక్కటి ఎగరలేని డ్రోసోఫిలా ఈగలను (పండ్ల మీద వాలే చిన్న ఈగలను) రోజుకు ఇరవై, ముప్పై వరకు తినగలదు. అంటే రోజూ వందల సంఖ్యలో బతికున్న పురుగులు, వారానికి ఏడు రోజులూ, నెలల పాటు. ఈగలను పెంచే డబ్బాలు ఒకేసారి కాకుండా ఎడంగా మొదలుపెట్టాలి, లేకపోతే ఒక వారం పొంగిపొర్లి మరుసటి వారం ఖాళీ అవుతాయి. పిల్లలకు రెండు రోజులు మేత లేకపోతే ఆ లోటు తరువాత తీరదు. ఒక డబ్బాకు బూజు పట్టినా మేత ఆగకూడదు కాబట్టి చిన్న కీచురాళ్లు రెండో మార్గంగా సిద్ధంగా ఉండాలి. మేత మీద కాల్షియం పొడి, యూవీబీ (ఎండలో ఉండేలాంటి అతినీలలోహిత కిరణాలు) ఇచ్చే దీపం, రోజుకు రెండు మూడుసార్లు సన్నటి తుంపర. పిల్లలు ఆకు మీది చుక్కలనే నాకి తాగుతాయి, గిన్నెలో నీళ్లు పోస్తే అందులో పడి చనిపోతాయి.

మొదటి వారాల్లో వాటిని గుంపులుగా ఉంచవచ్చు. కానీ గుంపులో జరిగేది దగ్గరగా గమనించాలి. ముందు పిగిలినవి, చురుకైనవి పై కొమ్మ మీద వెచ్చదనం దగ్గర చేరతాయి. మెతకవి కింది ఆకుల మాటున ఉండిపోతాయి. కింద ఉన్నదానికి వేడి అందదు, వేడి అందక అరుగుదల తగ్గుతుంది, అరుగుదల తగ్గి నాలుక విసరడం మానేస్తుంది. పగటిపూట కళ్లు మూసుకుని కూర్చున్న పిల్ల కనిపిస్తే అది నిద్ర కాదు, ప్రమాదం. ఆ పిల్లను వెంటనే వేరు చేస్తే చాలావరకు తేరుకుంటుంది, రెండు రోజులు ఆలస్యమైతే తేరుకోదు. కాబట్టి పుట్టినప్పటి నుంచే పిల్లలను పరిమాణాన్ని బట్టి వేర్వేరు పెట్టెల్లోకి మారుస్తూ ఉండాలి. రెండు మూడు నెలలు వచ్చేసరికి తోకలు కొరుక్కోవడం, కాళ్లు పట్టడం మొదలై ఒక్కొక్కదానికి ఒక్కో పంజరం అవసరమవుతుంది. ముప్పై పిల్లలకు ముప్పై పంజరాలు, వాటికి ముప్పై దీపాలు. మీ ఇంట్లో వీటికి ఏ గది ఇస్తారో ఒక కాగితం మీద గీసి చూడండి. చాలామంది నిర్ణయం ఆ కాగితం దగ్గరే తేలిపోతుంది.

ఎనిమిది వారాలు నిండకుండా నేను ఏ పిల్లనూ బయటికి ఇవ్వను; చిన్నగా ఉన్నవాటిని మూడు నెలలు దాటేవరకు ఉంచుతాను. తీసుకునేవారి విషయంలో నా పట్టుదల కొందరికి అతిగా అనిపిస్తుంది, అయినా దాన్ని సడలించను. పంజరం ముందే సిద్ధమై, దీపాలతో కనీసం వారం రోజులు నడిచి, పై కొమ్మ దగ్గర ఉష్ణోగ్రత ఎంత ఉందో కొలిచి చెప్పగలగాలి. యూవీబీ దీపం వెలుగుతూనే ఉన్నా దాని నుంచి వచ్చే యూవీబీ తగ్గిపోతుందని, అందువల్ల ఆరు నెలలకో ఏడాదికో మార్చాలని తెలిసి ఉండాలి. సరీసృపాలకు వైద్యం చేసే డాక్టరు ఎక్కడ ఉన్నారో ముందే కనుక్కుని ఉండాలి. ఇవి అడిగినప్పుడు విసుక్కునేవారికి నేను ఇవ్వను. "మా ఇంట్లో పిల్లలు దాన్ని చేతిలోకి తీసుకుని ఆడుకోవచ్చా?" అన్నది మొదటి ప్రశ్న అయితే ఊసరవెల్లి వారికి తగిన జంతువు కాదని నచ్చజెప్పి పంపిస్తాను, వారు మంచివారే అయినా సరే.

ఒక కుటుంబం నా దగ్గరకు వచ్చి అన్నాచెల్లెళ్లయిన రెండు పిల్లలు కలిపి కావాలని అడిగింది, ఒకటైతే బెంగపడుతుందని వారి భయం. ఒక్కటే ఇచ్చి, వీల్డ్ పిల్లల్లో మగవాటికి పుట్టినప్పటి నుంచే వెనక కాలి మడమ దగ్గర చిన్న ముల్లులాంటి భాగం ఉంటుందని, దాన్ని బట్టి మగ, ఆడ తెలుస్తాయని చూపించి, ఆ రెండూ ఒకే చోట పెరిగితే ఏడాది తిరగకుండానే తోబుట్టువుల మధ్య గుడ్లు మొదలవుతాయని వివరించాను. వారు అర్థం చేసుకున్నారు. అర్థం చేసుకోనివారూ ఉంటారు. ఒకరు నా దగ్గర ఒకటి, మరొకరి దగ్గర అదే విడతకు చెందిన మరొకటి తీసుకుని జత చేశారు. కాబట్టి ఏ పిల్ల ఏ తల్లిదండ్రులదో, ఎవరికి వెళ్లిందో నేను రాసి ఉంచుతాను, తీసుకున్నవారికీ ఆ వివరం రాసి ఇస్తాను. పాంథర్ జాతిలో ఇది ఇంకా ముఖ్యం. మడగాస్కర్‌లో అంబిలోబే, అంబంజా, నోసీ బే వంటి ప్రాంతాలను బట్టి మగవాటి రంగులు మారతాయి, కానీ ఆడవన్నీ దాదాపు ఒకే మాదిరి లేత గులాబీ, గోధుమ వర్ణంలో ఉంటాయి. ఆడదాని పుట్టుపూర్వోత్తరాలు తెలియకుండా జత కట్టిస్తే పిల్లలు ఏ ప్రాంతానివో ఎవరూ చెప్పలేరు.

ఇచ్చిన పిల్లను ఎప్పుడైనా తిరిగి తీసుకుంటానన్న మాట కూడా ఇవ్వాలి. ఉద్యోగం మారిందనో, జబ్బు చేసిందనో రెండేళ్ల తరువాత తిరిగి వచ్చినవి నా దగ్గర ఉన్నాయి. వీల్డ్ మగవి ఆరేళ్లు, అంతకు మించి కూడా బతకగలవు. అన్నేళ్లూ ఒక ఖాళీ పంజరం సిద్ధంగా ఉంచగలరా? తిరిగి ఇచ్చే దారి లేనివారు చివరికి చేసే పని చెట్ల మీద వదిలేయడం. అలా వదిలినవి అనువైన వాతావరణం దొరికిన చోట స్థిరపడిపోతాయి. హవాయిలో 1970ల నుంచి జాక్సన్ ఊసరవెల్లులు, తరువాత వీల్డ్ కూడా, ఫ్లోరిడాలోనూ వీల్డ్, ఇలాగే మనుషుల చేతుల మీదుగా అడవి పాలై అక్కడి పురుగులకు, చిన్న జీవులకు ముప్పుగా మారాయి. అనువుకాని చోట అవి ఎండకో, చలికో, ఆకలికో చనిపోతాయి.

పిల్లలు తీయించడమే తప్పని నేను అనను. ఇంట్లో పుట్టిన పిల్లలు దొరికితే అడవి నుంచి పట్టి తెచ్చిన వాటికి గిరాకీ తగ్గుతుంది. పట్టి తెచ్చినవి ఒంటినిండా పరాన్నజీవులతో, నీరు లేక ఎండిపోయి వస్తాయి, చాలావరకు బతకవు. ఇది నిజమైన కారణం, నేను ఈ పని మొదలుపెట్టిందీ అందుకే. కానీ వీల్డ్ జాతి విషయంలో ఆ కారణం పెద్దగా నిలవదు. ఇంట్లో పుట్టినవే ఇప్పటికే విరివిగా ఉన్నాయి, వాటిలో చాలావాటికి సరైన ఇళ్లు దొరకడం లేదు. తెలిసిన వంశానికి చెందిన పాంథర్ జంట మీ దగ్గర ఉండి, ఇళ్లు ముందే కుదిరి ఉంటే నా సమాధానం వేరుగా ఉండేది; అక్కడ విడతకు గుడ్లు కూడా తక్కువ. జాక్సన్ జాతి గురించి అడిగేవారికి ఒక మాట: అవి గుడ్లు పెట్టవు, నెలల తరబడి మోసి పిల్లలనే కంటాయి. అంటే మధ్యలో మనసు మార్చుకునే అవకాశం అక్కడ ఉండదు.

చట్టం సంగతి క్లుప్తంగా. ఈ మూడు జాతులూ సైటీస్ (అడవి జీవుల అంతర్జాతీయ వ్యాపారాన్ని నియంత్రించే ఒప్పందం) రెండో అనుబంధంలో ఉన్నవే, కాబట్టి దేశాలు దాటించాలంటే అనుమతి పత్రాలు తప్పనిసరి. వీటిని ఉంచుకోవడానికి, పిల్లలు తీయించడానికి, ఇతరులకు ఇవ్వడానికి వర్తించే నియమాలు దేశానికొక రకంగా ఉంటాయి. తల్లిదండ్రుల పత్రాలు లేకపోతే పిల్లలను ఎవరికి ఇచ్చినా వారిని కూడా ఇబ్బందిలోకి లాగినట్టే. అటవీ శాఖ నియమాలు చూడకుండా మొదటి అడుగు కూడా వేయవద్దు. అడవిలో దొరికిన ఊసరవెల్లిని ఇంటికి తెచ్చి జత కట్టించే ఆలోచన అయితే అసలే కూడదు.

ఈపాటికే జత కట్టించి ఉంటే, లేదా కట్టిందేమోనన్న అనుమానం ఉంటే ఏం చేయాలన్నది మిగిలింది. గుడ్లు పెట్టిన వెంటనే, ఒకటి రెండు రోజుల్లోపు, వాటిని ఫ్రీజర్‌లో ఉంచి గట్టిపరచి పారేయవచ్చు. వీల్డ్ గుడ్డు బయటికి వచ్చే సమయానికి లోపలి పిండం ఇంకా చాలా తొలి దశలోనే ఉంటుంది. మెదడు గాని, గుండె గాని ఏర్పడి ఉండవు. అందువల్ల ఆ సమయంలో ఆపడం క్రూరత్వం కాదు. నెలలు గడిచాక, లోపల పిల్ల రూపుదిద్దుకున్నాక ఈ పని చేయకూడదు. చాలామంది మనసు ఒప్పక గుడ్లను ఉంచేసి, పిగిలిన తరువాత ముప్పై పిల్లలను సాకలేక ఒక్కొక్కటిగా పోగొట్టుకుంటారు. రెండింటిలో ఏది దయ అన్నది నాకు స్పష్టంగానే ఉంది. నా దగ్గర ఇళ్లు కుదిరిన సంఖ్యకు మించిన గుడ్లన్నీ మొదటి రోజే ఫ్రీజర్‌లోకి వెళతాయి.

ఇక ప్రస్తుతానికి మీరు చేయవలసిన పని మగదాన్ని వెతకడం కాదు, తవ్వుకునే తొట్టి సిద్ధం చేయడం. పొడవు, వెడల్పు, లోతు ఏవీ 30 సెంటీమీటర్లకు తగ్గని తొట్టిలో కడిగిన ఇసుకనో, ఇసుక, మట్టి కలిపిన మిశ్రమాన్నో నింపి, వేలితో సొరంగం చేస్తే కూలిపోకుండా నిలిచేంత తడి చేసి పంజరంలో ఉంచండి. పది నెలల వయసు కాబట్టి ఆ తొట్టి ఇప్పటి నుంచి ఎప్పుడూ అక్కడే ఉండాలి. మేతను వారానికి మూడు రోజులకు, పూటకు మూడు నాలుగు కీచురాళ్లకు క్రమంగా తగ్గించండి, కాల్షియం మాత్రం తగ్గించవద్దు. అది తవ్వడం మొదలుపెట్టాక ఎవరూ ఎదురుగా నిలబడి చూడకూడదు. మనిషి కంటపడితే సొరంగం వదిలేసి గుడ్లను లోపలే ఆపుకుంటుంది. పంజరం ఆ వైపు గుడ్డ కప్పితే సరిపోతుంది. గుడ్లు పెట్టి, మట్టి పూడ్చి పైకి వచ్చాక నీటి తుంపర ఎక్కువసేపు ఇచ్చి, రెండు మూడు రోజులు బాగా మేపండి. రెండు రోజులుగా తవ్వుతూ పెట్టలేకపోతున్నా, నేల మీదే కూర్చుని పగలు కళ్లు మూస్తున్నా, కొమ్మ మీద పట్టు సడలుతున్నా ఇంటి వైద్యాలతో కాలయాపన చేయకుండా అదే రోజు డాక్టరుకు చూపించి ఎక్స్‌రే తీయించండి. పంజరం కొలతలు, దీపం రకం, ఇప్పుడు పెడుతున్న మేత వివరాలు రాస్తే ఏం మార్చాలో చెబుతాను.